హెర్మీనియా పాదం

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?" పక్క కుర్చీలో కూర్చుంటున్న చెల్లెల్ని చూసి సెవెరినో నమలడం ఆపేశాడు. నోట్లో పొద్దుతిరుగుడు గింజ నోట్లోనే ఉండిపోయింది.

"నా కొడుకు ఆట చూడ్డానికి నీ అనుమతి కావాలా అన్నయ్యా?" అంది హెర్మీనియా.

కావాలనే చెప్పాలి. ఔరెన్సే ఊళ్ళో ఆవిడ పాదం గురించి తెలియనివాళ్ళు లేరు. కొడుకు ఉషియో ఊరి బాస్కెట్‌బాల్ జట్టులో చేరిన మొదటి ఏడు ఆవిడ రెండుసార్లు స్టేడియానికి వచ్చింది. రెండుసార్లూ జట్టు ఓడింది. రెండోసారి ఉషియో మోకాలు కూడా బెణికింది. అప్పటినుంచి ఆట ఉన్న ఆదివారాల్లో ఆవిడ ఇల్లు కదలదు. రేడియో కూడా పెట్టుకోకుండా వంటింట్లో ఆలుగడ్డలు ఒలుచుకుంటూ కూర్చుంటుంది. ఇలాంటివన్నీ ఉత్త చాదస్తమని నవ్వే పెద్దమనుషులు కూడా, ఆట రోజున ఆవిడ చర్చి దగ్గర కనబడితే మెల్లగా ఇంటికి పంపించేసేవాళ్ళు.

"ఇవాళ ఓడితే జట్టు కింది డివిజన్‌కి పోతుందట. ముప్ఫై ఎనిమిదేళ్ళవాణ్ణి అక్కడెవరు ఉంచుకుంటారు? ఇదే వాడి ఆఖరి ఆటైతే కళ్ళారా చూడొద్దా?" అంది హెర్మీనియా.

సెవెరినో మెత్తబడ్డాడు. "సరే, కూర్చో. ఇది గెలిస్తే అవతలి జట్టు గెలుపులూ మన గెలుపులూ సమానమవుతాయి. కాకపోతే నవంబర్‌లో వాళ్ళ ఊళ్ళో ఆరు పాయింట్లతో ఓడి ఏడ్చాం కదా, దానివల్ల..."

"నీ లెక్కలు నాకెక్కవు గానీ, గెలవాలి. అంతేగా?"

"గెలవాలనుకో, కానీ..."

ఈల మోగింది. ఆ తర్వాత ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు.

ఆట చూడటం ఇంత నరకమని హెర్మీనియాకి తెలియదు. కొడుకు కిందపడ్డప్పుడల్లా ఆవిడే లేచి నిలబడేది. వెనకవాళ్ళు కూర్చోమని కసిరేవాళ్ళు. ఊరి జట్టు ముందుకెళ్ళడం, అవతలివాళ్ళు వచ్చి అందుకోవడం, మధ్యాహ్నమంతా ఇదే తంతు. చివరికి ఒక్క సెకను మిగిలుండగా స్కోరు సమానంగా నిలిచింది. బంతితో పైకి లేచిన ఉషియోని అవతలివాడు మోచేత్తో పడేశాడు. ఉషియోకి రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు.

"ఎవరూ అడ్డు రారు కదా వాడికి?" అంది హెర్మీనియా.

"రారు."

"ఈ రింగులో వాడు ఈ ఏడాది ఒక్క ఫ్రీ త్రో కూడా పోగొట్టలేదట కదా?"

"లేదు. అదే నా భయం," అన్నాడు సెవెరినో.

కోచ్ టైమౌట్ అడిగాడు. ఉషియో బనీను పట్టుకుని దగ్గరికి లాక్కుని చెవిలో ఏదో చెప్పాడు. ఉషియో తల అడ్డంగా ఊపాడు. కోచ్ ఈసారి వేలితో గుండె మీద పొడుస్తూ మళ్ళీ చెప్పాడు. ఉషియో తలదించుకున్నాడు.

"వాణ్ణెందుకలా తిడుతున్నాడు?"

"తిట్టడం లేదే. నువ్వు కాసేపు మాట్లాడకు." సెవెరినో గింజల పొట్లం జేబులో కుక్కేశాడు. "వాడు పంతానికి పోకుండా ఉంటే చాలు," అని గొణుక్కున్నాడు.

ఉషియో గీత దగ్గర నిలబడ్డాడు. బంతి రింగు అంచుకి తగిలి బయటికొచ్చేసింది.

ఉషియో తలెత్తి సూటిగా హెర్మీనియా వైపే చూశాడు. చూసి చేత్తో ఏదో సైగ చేశాడు. వెళ్ళిపొమ్మంటున్నాడు, ఇంకేముంటుంది? ఆవిడ లేచింది. మెట్లు దిగకముందే రెండో బంతి కూడా రింగుకి తగిలి పక్కకి పోయింది. బజర్ మోగింది.

జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పద్దెనిమిదేళ్ళు ఈ ఊరి కోసం మోకాళ్ళరగదీసుకున్నవాణ్ణి చప్పట్లు కొట్టి మరీ ఎగతాళి చేస్తున్నారే అనుకుంది హెర్మీనియా. అవతలి జట్టు కోచ్ మాత్రం ఎందుకో నీళ్ళ సీసాని కాలితో తన్నాడు. స్కోరు సమానమే గనక ఇంకో ఐదు నిమిషాలు ఆడాలని మైకులో చెబుతున్నారు. ఆవిడ వినిపించుకోకుండా బయటపడింది.

గేటు బయట గట్టు మీద కూర్చుంది. లోపల అరుపులు వినబడినప్పుడల్లా చెవులు మూసుకుంది. ఇక చచ్చినా ఈ ఛాయలకి రానని మేరీమాతకి మొక్కుకుంది.

తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టింది. వెనకే సెవెరినో, కళ్ళనిండా నీళ్ళతో. "ఏడు. ఏడు పాయింట్లతో గెలిచామే. నిలిచాం."

హెర్మీనియాకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే మొహం వాడిపోయింది. "చూశావా మరి? నేనిలా బయటికి రాగానే అలా గెలిచారు."

చెమటతో తడిసిన బనీనుతోనే ఉషియో పరుగెత్తుకొచ్చాడు. "కూర్చోమని సైగ చేస్తే లేచొచ్చేస్తావేంటమ్మా?"

"నేనుంటే నీ చేతులే పడిపోయాయి కదరా నాన్నా. ఆ రెండూ పడుంటే అప్పుడే గెలిచేవాళ్ళం."

"గెలిచేవాళ్ళమే, రెండు పాయింట్లతో. ఆట అక్కడితో అయిపోయేది."

"ఎన్నైతేనేం, గెలుపు గెలుపే కదా?"

"కాదే పిచ్చిదానా," అన్నాడు సెవెరినో. "గెలుపులు సమానమైనప్పుడు మనమూ వాళ్ళూ ఆడిన రెండాటల లెక్క చూస్తారు. అక్కడ ఆరుతో ఓడాం. ఇక్కడ ఏడుతో గెలవకపోతే గెలిచీ కిందికే పోతాం. ఇందాకట్నుంచీ చెప్పబోతుంటే విన్నావా?"

హెర్మీనియా అయోమయంగా కొడుకు మొహంలోకి చూసింది. ఉషియో వంగి ఆవిడ నుదుటికి తన నుదురు ఆనించాడు.

"గురి చూసే తప్పించానమ్మా."