మధ్య మాట

“ఏటమ్మా, ఏదో మాటాడాలన్నావు?” అన్నాడు జీడిపప్పు వ్యాపారి తాతాజీ, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

మేడ మీది ఆ ఆఫీసు గదిలో పుష్పవతి కుర్చీ అంచున కూర్చుంది. రోలుగుంట నుంచి నర్సీపట్నం దాకా, నాన్న బండి వెనక కూర్చుని ఒకటే వల్లించుకుంటూ వచ్చింది: ‘సార్, డబ్బులు పెంచండి.’ తీరా ఇప్పుడు నోరు తెరిస్తే ఆ మధ్య మాట గొంతులో అడ్డం పడింది.

“పని... పని కాస్త ఎక్కువైందండి.”

తాతాజీ మొహం వెలిగిపోయింది. ఫోను పక్కన పెట్టేశాడు.

“అదంతా నీ చేతి చలవే కదమ్మా! జీడిపప్పు ఎవడైనా అమ్ముతాడు. నీలాగ నాలుగు ముక్కలు రాసిపెట్టేవాడేడీ? మొదట్లో వారానికో పోస్టరు రాసిచ్చేదానివి కదా?”

“అవునండి. ఇప్పుడు రోజూ రాస్తన్నానండి. వాట్సాప్‌లో కస్టమర్లకి జవాబులు కూడా నేనే ఇస్తన్నాను. కొరియర్ వాళ్లతో మాట్లాడ్డం కూడా...”

“అదీ! ఇంట్లో కూర్చుని నా వ్యాపారం మొత్తం నడిపించేస్తన్నావు. నిన్ను బయటి మనిషని ఎవరంటారు? నా కూతురు లెక్క.”

కూతురు లెక్క అన్నాక ఇంక డబ్బు మాట ఎత్తడం ఎలా? ఇచ్చేది మాత్రం వారానికో పోస్టరు రాసిన నాటి డబ్బే. పుష్పవతి చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

“అదేనండి... మొదట్లో మనం అనుకున్నది... కొంచెం చూస్తారనీ...”

“చూస్తానమ్మా, చూడకేం! రీల్స్ కూడా మొదలెడదాం. నీ గొంతు బాగుంటుంది. నువ్వే మాట్లాడి పంపించెయ్.”

“అలాగేనండి,” అని లేచి వచ్చేసింది. మెట్లు దిగుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

కింద తండ్రి వరహాలు బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఈ పని కోసం కొన్న లాప్‌టాప్ వాయిదాకి పుష్పవతి సంపాదన చాలక, ఈ నెల జీడిపిక్కలు అమ్మిన డబ్బు తీసి కట్టింది ఆయనే. ‘అడిగి పెంచించుకో’ అని పనిగట్టుకుని తీసుకొచ్చిందీ ఆయనే.

“అడిగేవేటే?”

“అడిగాను.”

“ఏటన్నాడు మరి?”

అడగలేకపోయానంటే ఆయన ఏమీ అనడు. ఏమీ అనకుండా బండి స్టార్టు చేస్తాడు. అది మరీ సిగ్గు. ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివింది తనొక్కతే.

“పెంచుతానన్నారు నాన్నా.”

వరహాలు తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. “సూసేవా! నోరిప్పి అడిగితే ఎవులు కాదంతారు? ఉండు, ఆ బాబుకో దణ్ణవెట్టొత్తాను.”

“వద్దు నాన్నా! ఆయన పనిలో ఉన్నారు. బేగి పోదాం, ఎండెక్కిపోతంది.”

“మేలు సేసినోడికి దణ్ణవెట్టకుండా పోతే ఏటనుకుంతాడు? సదువుకున్నావు గానీ మర్యాద తెల్దే నీకు,” అంటూ చెప్పులు మెట్ల దగ్గరే విడిచి గబగబా ఎక్కిపోయాడు.

పుష్పవతి మెట్ల దగ్గరికి వచ్చి చెవి ఒగ్గింది. పైన మాటలు వినబడుతున్నాయి గానీ, రోడ్డు మీద ఆటోల హారన్లలో ఒక్క ముక్కా తెలియడం లేదు. పైకెళ్లి నిజం చెప్పేస్తే? ముందు ఎవరికి చెప్పాలి? నాన్న ముందు ఆయనకా, ఆయన ముందు నాన్నకా? తల కొట్టేసినట్టయి, ఆ అరిగిపోయిన చెప్పుల వంకే చూస్తూ నిలబడిపోయింది.

వరహాలు దిగి వచ్చాడు. మొహం చేటంత చేసుకుని నవ్వుతున్నాడు.

“ఏటన్నారు నాన్నా?” అడిగింది పుష్పవతి.

“ముందు ‘ఏటి పెంచడం?’ అన్నాడే. ఎటకారవనుకున్నాను. ‘అదే బాబూ, మా పిల్లకిచ్చే డబ్బులు’ అన్నాను. నన్ను ఎగాదిగా సూసేడు. తరవాత నవ్వేడు. కుర్సీ ఏసి కూకోమన్నాడు, టీ కూడా తాగమన్నాడు. ఎంత మర్యాదస్తుడే!”

“ఆ తరవాత?”

వరహాలు చెప్పుల్లో కాళ్లు పెట్టి, కూతురి వంక గర్వంగా చూశాడు.

“పెంచడవే కాదే పిచ్చిదానా, రేపట్నుంచి నువ్వేటీ సెయ్యక్కర్నేదంట, ఇంటికాడ సుబ్బరంగా రెస్టు తీసుకోమన్నాడు!”