సోమవారానికల్లా

"కదలకు. మూతి కదిలిస్తే పూత పగిలిపోతుంది," అంది అమ్మ.

బుల్లి కదలకూడదనే అనుకుంది. కానీ ముక్కు పక్కన ఒకటే దురద. చెయ్యి పైకి లేచేలోపే అమ్మ పట్టుకుని మళ్ళీ ఒళ్ళో పెట్టింది. రెండు చేతులకీ నూలు తొడుగులు, మణికట్టు దగ్గర నాడాతో ముడి. నిద్రలో గిల్లుకుని మొహమంతా పుండ్లు చేసుకుంటోందని అమ్మే వాటిని కుట్టింది.

"ఇవాళేం కలిపావు?"

"ఓట్స్ పిండి, తేనె. నిన్న కలబంద గుజ్జు పెడితే మంటన్నావుగా."

"రేపటికి తగ్గుతాయా?"

"మొటిమలు చుట్టాల్లాంటివి. మనం పట్టించుకోకుండా ఉంటే వాటంతటవే పోతాయి."

"మన చుట్టాలు పట్టించుకోకపోయినా పోరు."

అమ్మ నవ్వింది. బుల్లికి మాత్రం నవ్వే తీరిక లేదు. బజారులో పెద్ద సెంట్ల కొట్టుకి ఉద్యోగం అడగడానికి వెళ్ళింది. మేనేజరు అన్నీ అడిగాడు, అన్నిటికీ తలూపాడు, చివర్లో ఆమె మొహం చూసి మూతి ముడిచాడు. "సెంటు అమ్మే పిల్ల మొహం నున్నగా ఉండాలమ్మాయ్. అవి తగ్గించుకుని సోమవారం రా. లేదంటే ఇంకొకర్ని పెట్టుకుంటాను," అన్నాడు. జీవితంలో మొదటి ఉద్యోగం. అది ఈ రెండు చెంపల మీదే ఆధారపడి ఉంది.

అందుకే అమ్మ చెప్పినవన్నీ చేస్తోంది. మొహాన్ని గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవడం. దిండు గలీబు రోజూ మార్చడం. జుట్టు నుదుటి మీద పడకుండా గుడ్డ కట్టుకోవడం. తీపి బంద్, వేపుళ్ళు బంద్. పెందలాడే పడక. ఇవేవీ పెద్ద కష్టమనిపించలేదు. కష్టమల్లా అద్దం లేకపోవడమే.

ఇంట్లో ఉన్న అద్దాలన్నీ అమ్మ తీసేసింది. స్నానాలగదిలో ఉత్త మేకు మిగిలింది, దాని కింద గోడ మీద నలుచదరంగా తెల్లటి జాడ. బీరువా తలుపు మీద పూల కాగితం అంటించేసింది.

"అద్దం చూస్తే చెయ్యి ఊరుకోదు," అంటుంది అడిగినప్పుడల్లా.

"ఎలా ఉన్నానో తెలియకుండా కొట్టుకెలా వెళ్ళను?"

"నేను చూస్తున్నాగా. బంగారంలా ఉన్నావు."

"కాకి పిల్ల కాకికి ముద్దు!"

అమ్మ వేలితో బుల్లి గడ్డం కింద పూతను సర్దింది.

"ఇంతకీ ఇవాళేం వారం?" అడిగింది బుల్లి.

ఆ వేలు ఆగింది. "ఆదివారం."

"నిన్నా ఆదివారమే అన్నావు."

"నిన్న శనివారం అమ్మా."

"మరి మొన్న?"

అమ్మ గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. మోకాలు పట్టేసినట్టు కాస్త కుంటుతోంది. పాపిట పొడుగునా తెల్లవెంట్రుకలు. బుల్లి ఆశ్చర్యంగా చూసింది. నిన్న అవి లేవు. వీధి తలుపుకి అంత ఎత్తున గడియ కూడా నిన్న లేదు.

బయట చీకటి పడింది. గదిలో దీపం వెలుగుతోంది. అమ్మ ఇవాళ కిటికీకి తెర వెయ్యడం మరిచిపోయింది.

బుల్లి మెల్లగా తల తిప్పింది. ముసలావిడ వచ్చేసి ఉంది.

ఎప్పుడూ ఇంతే. పగలు ఎంత వెతికినా కనిపించదు. దీపం పెట్టాక వస్తుంది. కిటికీ అవతలి చీకట్లో సున్నం కొట్టినట్టు తెల్లటి మొహం, లోతుకి పోయిన కళ్ళు. తలుపు తట్టదు, పేరు పెట్టి పిలవదు. ఆ కళ్ళతో బుల్లినే చూస్తూ ఉంటుంది. "పో" అని ఒకసారి కసిరితే పెదవులు కదిలించింది కానీ మాట వినిపించలేదు.

బుల్లి కెవ్వున అరిచింది.

అమ్మ పరుగున వచ్చి తెర లాగేసింది. బుల్లి తల పొట్టకి అదుముకుంది. "పోయింది. చూడు, పోయింది."

"నువ్వెప్పుడూ ఆవిణ్ణి తరమవు! తెర వేసి ఊరుకుంటావు. ఎవరావిడ? నీకు తెలుసా?"

అమ్మ ఆమె తల నిమిరింది. "తెలుసు."

"ఏం కావాలట?"

"ఏమీ వద్దు. దారి తప్పిపోయింది పాపం. నిన్నేమీ చెయ్యదు."

"ఆవిడ కళ్ళు పడబట్టే ఇవి తగ్గడం లేదు. నా ఉద్యోగం పోతే నువ్విస్తావా?"

అమ్మ కళ్ళు తుడుచుకోవడం చూసి బుల్లి మెత్తబడింది. "నువ్వేడిస్తే ఎలా? కన్నీళ్ళు పడితే నా పూత కరిగిపోతుంది. మొదటి జీతం రాగానే నీకు మంచి కళ్ళజోడు కొంటాను. సరేనా?"

"సరే," అంది అమ్మ. తలూపింది. మళ్ళీ తలూపింది.

అప్పుడే ఎవరో వీధి తలుపు తట్టారు. బుల్లి కుర్చీలో ముడుచుకుపోయింది. అమ్మ మునివేళ్ళ మీద లేచి గడియ తీసింది. గుమ్మంలో ఒకావిడ, చేతిలో తడి గరిటెతోనే దిగి వచ్చింది.

"పై వాటాలోకి కొత్తగా వచ్చామండీ. కేక వినిపిస్తే ఉండబట్టలేక వచ్చాను. ఎవరండీ అలా అరిచింది?"

అమ్మ వెనక్కి తిరిగి బుల్లి వైపు చూసింది. తలుపు సగం దగ్గరికి వేసి, గొంతు తగ్గించింది. అయినా బుల్లికి వినిపించింది.

"మా అమ్మండీ, ఎనభై దాటాయి."