డాక్టరు రాయని మాట

ఆ సోమవారం పొద్దున ఆఫీసుకు వచ్చేసరికి ఆదర్శ్ చేతిలో ఉన్న సరుకు ఇది: తొమ్మిదేళ్ల అనుభవం, కిటికీ పక్క సీటు, కాబోయే టీమ్ లీడ్ అన్న పేరు. మీటింగ్ ముగిసేసరికి మూడోది జారిపోయేలా ఉంది. మేనేజర్ జయలక్ష్మి అందరి ముందూ, "చార్టు చదవడమంటే మన అనూషలా చదవాలండీ. లీడ్ ఎవరో శుక్రవారం చెబుతాను," అనేసింది.

అనూష చేరి రెండేళ్లే.

నానక్‌రామ్‌గూడలోని ఆ ఆఫీసులో వాళ్లందరి పనీ ఒకటే. అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లూ నర్సులూ రోగుల గురించి రాసిన చార్టులు చదివి, రోగి జబ్బుకు తగిన కోడు వేసి, బిల్లుకు పంపడం.

"ఇక నీకు సెలవు ఆ పిల్లే ఇవ్వాలి గురూ," అన్నాడు పక్క సీటు బాలు. "'మేడమ్, మా అబ్బాయికి జ్వరం' అని ఇప్పట్నుంచే ప్రాక్టీసు చెయ్యి."

"నోర్ముయ్."

"మేడమ్ ముందు మాత్రం ఆ మాట అనకు."

ఆదర్శ్ నవ్వలేదు. తనకంటే నాసి సరుకు ముందు అమ్ముడుపోతే ఓర్చుకోవచ్చు, కొనేవాడికి తెలివి లేదనుకుని. మేలైన సరుకే పోతుంటే ఏమనుకోవాలి? అనూష పని తనకంటే మేలని అతనికి తెలుసు. మంట అంతా అక్కడే.

అంతలో ఆ పిల్లే లాప్‌టాప్ పట్టుకుని వచ్చి నిలబడింది.

"అన్నా, జర ఒక డౌటు. ఈ పేషెంటుకు నర్సు బీఎంఐ నలభై రెండని రాసింది. డాక్టరేమో మోకాలి నొప్పి ఒక్కటే రాసిండు. లావు ముచ్చటే ఎత్తలే. బీఎంఐ కోడు వెయ్యాల్నా, వద్దా?"

మనిషి ఎత్తుకు తగ్గ బరువున్నాడో లేదో చెప్పే ఆ అంకెను నర్సు రాసినా చెల్లుతుంది. ఊబకాయం అన్న మాట మాత్రం డాక్టరే రాయాలి. ఆ మాట లేకుండా వట్టి అంకె చూసి కోడు వేస్తే తప్పు. నిద్రలో లేపి అడిగినా ఆదర్శ్ ఇదే చెబుతాడు.

"వెయ్యి," అన్నాడు.

అనూష కదల్లేదు. "డాక్టరు రాయలే కదన్నా? ట్రైనింగుల వద్దని చెప్పిన్రు."

"పుస్తకం వేరు, క్లయింటు వేరు. అంకె కనిపిస్తే కోడు వెయ్యమని మొన్న కాల్‌లో వాళ్లే చెప్పారు. సీనియర్లతోనే మాట్లాడారులే, నీకు తెలిసుండదు."

ఈ పనిలో క్లయింటు మాటే చివరి మాట. పుస్తకం దాని తర్వాతే. అది అనూషకూ తెలుసు.

"అట్లనా! మంచిగైంది అడిగిన. లేకుంటే ఈ వారమంతా వదిలేసేదాన్ని. అన్ని చార్టులకు గిట్లనేనా?"

"అన్నిటికీ."

"మీరుంటే నాకు ఫికరే లేదన్నా," అంటూ వెళ్లిపోయింది.

పెట్టుబడి ఒక్క అబద్ధం, అంతే. వారమంతా ఆ పిల్ల తప్పులు కుప్ప పోస్తుంది. శుక్రవారం తను మేనేజర్ దగ్గరికి వెళ్లి, ఏదో యథాలాపంగా కంటపడినట్టు చెబుతాడు. ఆ వారం ఆదర్శ్ భోజనం రుచిగా తిన్నాడు.

శుక్రవారం జయలక్ష్మి తనే కేబిన్‌లోకి పిలిచింది.

"మేడమ్, అనూష చార్టుల గురించి ఒక మాట చెప్పాలి..."

"ఆ అమ్మాయి గురించే నేనూ చెప్పబోతున్నా. లీడ్‌గా ఉంటావా అంటే వద్దందండీ. 'ఆదర్శ్ అన్న ఉండంగ నాకెందుకు మేడమ్? ఏదడిగినా దాచుకోకుండ చెప్తడు' అని ఒకటే పట్టు. సరే, మీకే ఇచ్చేస్తున్నాం. ఇంతకీ ఏదో అనబోయారు?"

ఆదర్శ్ మాట మార్చేశాడు. "ఏం లేదు మేడమ్. బాగా చేస్తోందని."

"అయితే ఒప్పుకున్నట్టేనా? సోమవారం క్లయింటు ఆడిట్ ఉంది. ఈ వారం చార్టులన్నీ తిరగేస్తారు. టీమ్‌లో ఎవరి చెయ్యి తప్పినా జవాబు చెప్పాల్సింది లీడే. ముందే చెబుతున్నానండోయ్."

ఆదర్శ్ లోలోపలే బేరీజు వేశాడు. అనూష తప్పులు ఇప్పుడు తన నెత్తినే పడతాయి. పడనీ, ఒక్క మనిషి తప్పులేగా! ఆదివారం కూర్చుంటే దిద్దేయవచ్చు. ఇంత లాభం మీద ఆమాత్రం తరుగు ఎక్కడైనా ఉండేదే. ఆ పిల్ల వద్దంటే దక్కిన కుర్చీ అన్నదొక్కటే కాస్త గుచ్చుకుంది.

"ఒప్పుకున్నాను మేడమ్," అన్నాడు.

కేబిన్ బయట టీమంతా లేచి చప్పట్లు కొట్టింది. "పార్టీ ఎప్పుడు గురూ?" అని బాలు అరిచాడు. అందరికంటే గట్టిగా కొట్టింది అనూషే. అక్కడికి ఆదర్శ్ లెక్క తేలింది: రాబడి లీడ్ కుర్చీ, ఖర్చు ఒక ఆదివారం.

ఆమెను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు. "అనూషా, ఈ వారం నువ్వు బీఎంఐ కోడు వేసిన చార్టులు ఒకసారి నాకు పంపు. ఊరికే, చూద్దామని."

"నా ఒక్కదానియేనా అన్నా?" అంది అనూష అయోమయంగా. "సోమవారం పొద్దుగాల్నే మన టీమందరికీ చెప్పిన. మీ మాట అంటే ఒక్కరు గూడ ఎందుకని అడగలే, వారం సంది అందరం గట్లనే వేస్తున్నం."