మారిట్ ఇంట్లో రెండో ఏడాది

“చెయ్యి లోపలిదాకా పెట్టు. అది కరవదు, చచ్చి వారమైంది,” అంది మారిట్.

నిదియా కళ్లు మూసుకుని టర్కీ కోడి పొట్టలో చెయ్యి పెట్టింది. గుండె, కార్జం కట్టిన కాగితం సంచీ చేతికి తగిలింది. బయటికి లాగింది.

“అది తియ్యకపోతే సంచీతో సహా ఉడుకుతుంది. పెళ్లయిన కొత్తలో నేనదే చేశా. మా అత్తగారు ఇప్పటికీ దెప్పుతుంది. గుర్తుపెట్టుకో, వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి నువ్వే చెయ్యాలి.”

“వచ్చే ఏడా? జనవరితో నా గడువు అయిపోతుందిగా. అమ్మ ఎదురుచూస్తోంది.”

నిదియా కొలంబియా నుంచి ఓపేర్‌గా వచ్చింది. అమెరికాలో, మిన్నెసోటాలోని మారిట్ ఇంట్లోనే ఏడాదిపాటు ఉంటూ ఇద్దరు పిల్లల్ని చూసుకోవాలి. పనిమనిషివి కాదు, ఇంటిమనిషివి అని ఏజెన్సీవాళ్లు చెప్పి పంపారు. కొలంబియాలో ఆమె తల్లికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. డయాలసిస్ మీద బతుకుతోంది.

మారిట్ వంటింటి తలుపు మూసింది.

“నాకు జబ్బు, నిదియా. వచ్చే ఏడు ఈ పండగ చూడనన్నారు డాక్టర్లు. మా ఆయన డేల్‌కి కూడా తెలీదు. పిల్లలు నీకు అలవాటుపడ్డారు. ఇంకో ఏడాది ఉండిపో.”

ఏం జబ్బని అడగబోయి నిదియా ఆగిపోయింది. అమెరికాలో ఎవరినీ వయసు, జీతం, జబ్బు అడగకూడదని శిక్షణలో మరీమరీ చెప్పారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆనవాయితీగా ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞులో చెప్పారు.

“కుక్కకి,” అంది ఆరేళ్ల అన్నికా. “నాన్నకి మాత్రం కాదు. ఐస్‌క్రీం కొనలేదు.”

డేల్ నవ్వలేదు. “అందరం ఆరోగ్యంగా ఉన్నందుకు,” అన్నాడు ప్లేటులోకి చూస్తూ.

పాపం, ఈయనకేమీ తెలీదు అనుకుంది నిదియా.

“మరి నువ్వు?” అంది అన్నికా.

“ఈ ఇంటికి. ఇంకో ఏడాది ఉంటున్నాను.”

మారిట్ లేచొచ్చి ఆమెను కావలించుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం నిదియా అమ్మకు ఫోన్ చేసింది.

“అయితే రావా, తల్లీ?”

“ఈ పిల్లల తల్లి చచ్చిపోతోందమ్మా.”

అవతల కాసేపు దగ్గు వినిపించింది.

“అలాగైతే ఉండు. పసివాళ్లని ఎలా వదిలేస్తావు? ఏడాదేగా. ఈ కాళ్లేసుకుని నేనెక్కడికి పోతాను? వచ్చేటప్పుడు సీసాలో కాస్త మంచు పట్టుకురా.”

ఫిబ్రవరిలో అమ్మ పోయింది. నిదియా వెళ్లలేదు. రెండో ఏట దేశం దాటినవాళ్లకు తిరిగొచ్చే వీసా దొరకడం కష్టం. మేనమామ ఫోన్ ఎత్తిపట్టుకుని, సమాధిలోకి దించుతున్న శవపెట్టెను చూపించాడు. అన్నికా తమ్ముడు, మూడేళ్ల సోరెన్ ఆమె ఒళ్లో కూర్చుని చూశాడు.

“ఆ పెట్టెలో ఏముంది?”

“మా అమ్మ.”

“తియ్యమను.”

మారిట్ పూలగుత్తి తెప్పించింది. “నీ రుణం తీర్చుకోలేను,” అంది.

ఈస్టర్ నాడు పిల్లలు ఆనవాయితీగా పెరట్లో దాచిన రంగు గుడ్లు వెతుకుతుండగా మారిట్ వాళ్లను ముద్దుపెట్టుకుంది. రెండు పెట్టెలు కారులో పడేసుకుని వెళ్లిపోయింది. కిటికీ దగ్గర నిదియా శిలువ గుర్తు వేసుకుంది. ఇక ఈ పిల్లలకు తనే దిక్కు.

“నువ్వెందుకు ఏడుస్తున్నావు?” అన్నాడు వెనక నుంచి డేల్. అతని గడ్డం మాసి ఉంది.

అన్నాళ్లూ మింగుకున్న ప్రశ్న నిదియా అడిగేసింది.

“ఆవిడ ఏ ఆసుపత్రికి వెళ్తోంది?”

డేల్ ఆమెను ఎగాదిగా చూశాడు.

“ఆసుపత్రేంటి? ఇంకొకడితో కాపురానికి పోతోంది.”