ఆపివేసిన కంట్రోలర్

ఇంట్లోని తలుపులు, కుళాయిలు, యంత్రాలన్నీ ఒకే తీగ మీద ఆజ్ఞలు పంపే సీరియల్ బస్ కంట్రోలర్ చెప్పినట్టు వినే కాలమది. ప్రతి ఇంటికీ ఉండే కంప్యూటర్ ఫైల్లో దాని వివరాలు రాయడం పైడితల్లి ఉద్యోగం; ఫైల్లో ఎలా రాస్తే కంట్రోలర్ అలా నడుస్తుంది. తన మీద ఆమె భర్త గౌరీసు ఫిర్యాదు చేశాడన్న కోపంతో కంట్రోలర్ల ఇన్‌స్పెక్టర్ జోగినాయుడు నిరుడు వాళ్ల ఇంటి కంట్రోలర్‌ను ఆపేశాడు. ఊపిరికి ఆధారమైన ఆక్సిజన్ యంత్రం ఆగిపోయి గౌరీసు చనిపోయాడు. సాక్ష్యం దొరకలేదు.

ఇవాళ జోగినాయుడి కొత్తింటి ఫైలు ఆమె చేతికొచ్చింది. కంట్రోలర్ చిరునామా, వేగం రాసి, చివర్లో "ఆపివేయి" అని చేర్చింది.

కాసేపటికి అతను ఆమె ఆఫీసుకు ఫోన్ చేశాడు. "తలుపు రాట్నేదేటమ్మా! లోపలుండిపోనాను!"

"నాను గౌరీసు పెళ్లాన్ని. మా ఇంట్లో ఏటి సేసినావో సెప్పు."

"కోపంలో ఆపేసినాను తల్లీ. సచ్చిపోతాడనుకోనేదు."

"ఈ లైన్లో పోలీసులూ ఇన్నారు. నీ గుమ్మంలోనే ఉన్నారు," అంటూ పైడితల్లి ఫైల్లోంచి "ఆపివేయి" అన్న మాట చెరిపేసింది. తలుపు తెరుచుకుంది.