టీచరుగారి కూతురు

"మా పిడుగు ఆ స్పెషల్ క్లాసు పరీక్ష రాయదమ్మా. వాళ్ల టీచరుకి ఫోన్ చేసి చెప్పేశాను" అంది కూతురు, కళ్లద్దాల ఫ్రేముకి స్క్రూ బిగిస్తూ.

షాపులో వేరే ఎవరూ లేరు. కౌంటరుకి ఇవతల స్టూలు మీద తల్లి కూర్చుని ఉంది. ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఎంత మొండిఘటాన్నయినా ఒప్పించగలదని పేరు. సొంత కూతురి దగ్గరే ఆమెకి మాట తడబడుతుంది.

"స్పెషల్ క్లాసుకి వాళ్లంతట వాళ్లే రమ్మంటున్నారే. మామూలు క్లాసులో దానికి ఏమీ తోచడంలేదట. చెప్పకముందే లెక్క చేసేసి పక్కవాళ్లని సతాయిస్తోందట. రాయనిస్తే పోయేదేముంది?"

"పోతుందమ్మా. ఏం పోతుందో నాకు తెలుసు."

నవ్వుతూనే అంది. తల్లి తల దించుకుంది.

కూతురు చదువుకునే రోజుల్లో వాళ్ల బడిలో స్పెషల్ క్లాసు పెట్టించింది ఈ తల్లే. తెలివైన పిల్లలు మామూలు క్లాసుల్లో మొద్దుబారిపోతున్నారని హెడ్మాస్టరు వెంటపడి మరీ సాధించింది. ప్రశ్నపత్రం తయారు చేసిందీ, దిద్దిందీ ఆమే. పరీక్ష జరగకముందే గేటు దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. "టీచరుగారి కూతురికి సీటు ఎలాగూ ఖాయం. మిగిలినవాటి కోసం మన పిల్లలు కొట్టుకోవాలి."

తీరా ఎంపికైన పేర్లు చదివితే, టీచరుగారి కూతురి పేరు లేదు. "సొంత బిడ్డ అని కూడా చూడలేదు. నిజాయితీ అంటే అదీ" అన్నాడు హెడ్మాస్టరు అందరి ముందూ. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. కూతురూ కొట్టింది.

ఇంటికొచ్చాక మాత్రం, "నాకు ఎంతలో తప్పిపోయిందమ్మా?" అని అడిగింది.

"కొద్దిలోనే" అంది తల్లి.

ఆ పిల్ల మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. వంటింటి గట్టు మీద సుద్దముక్కతో లెక్కలు వేసే అలవాటు మెల్లగా పోయింది. పై చదువుకి వెళ్లేటప్పుడు లెక్కలు లేని కోర్సు వెతుక్కుంది. తండ్రి గొడవపడితే, "నాకంత బుర్ర లేదు నాన్నా. కావాలంటే అమ్మనడుగు" అంది. ఆయన అడగలేదు. ఈమె చెప్పలేదు.

"నిన్ను తప్పుపట్టడం లేదమ్మా" అంది కూతురు, అద్దాలు తుడిచి పక్కన పెడుతూ. "నువ్వు మొహమాటపడి సీటిచ్చి ఉంటే నేనే సిగ్గుతో చచ్చేదాన్ని. మా అమ్మ అలాంటిదని ఇప్పటికీ అందరికీ గొప్పగా చెప్పుకుంటాను. కాకపోతే ఆ రోజు అందరితో పాటు నిలబడి చప్పట్లు కొట్టాను చూడు, అది నా కూతురికి వద్దు."

"పిడుగు సంగతి వేరు."

"ఏం వేరు? నా కడుపున పుట్టిందేగా. ఆ తెలివి నీ దగ్గరే ఆగిపోయిందమ్మా. నాకు రానిది దానికెక్కణ్ణుంచి వస్తుంది? చిన్నప్పుడు నలుగురూ నన్నూ అలాగే మునగచెట్టు ఎక్కించారు. దిగడానికి ఎంత కష్టపడ్డానో నాకు తెలుసు."

తల్లి గొంతు సవరించుకుంది. వచ్చిన మాట మళ్లీ లోపలికే వెళ్లిపోయింది. ఇన్నేళ్లూ అది అలాగే వచ్చి వెళ్లిపోతోంది.

"పేర్లివ్వడానికి రేపే ఆఖరు. ఆ టీచరుకి మళ్లీ ఫోన్ చెయ్యి" అంది చివరికి.

"ఎందుకమ్మా అంత పట్టుదల? నా సంగతి చూశాక కూడానా?"

"నీ సంగతి తెలిసే అడుగుతున్నాను."

"ఏం తెలుసు నీకు?"

తల్లి కౌంటరు మీదుగా చెయ్యి చాపి కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఆ పరీక్షలో నువ్వే ఫస్టు."