కొలిమి దగ్గరి పాఠం

గంట కొట్టగానే పిల్లలంతా దెబోరా టీచర్ని దాటుకుని, వేపచెట్టు కింద కూర్చున్న పెద్దామె దగ్గరికి పరుగెత్తారు.

దెబోరాకు ఒళ్లు మండింది.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మెట్‌పల్లి మిషన్ బడిలో ఆమెది ఇంకా టెంపరరీ కొలువే. ఈసారి పర్మినెంటు కాకపోతే ఇంటికి పోవాల్సిందే. ఇంట్లో బీడీలు చుట్టే అవ్వ ఈ కొలువు మీదే ఆశ పెట్టుకుంది.

సరిగ్గా ఇప్పుడే ఈ ఆనందమ్మ ఎక్కడినుంచి ఊడిపడిందో! హెడ్మాస్టరు ఏలియా సారు ఇంట్లో దిగింది. రోజూ వచ్చి తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుంటుంది. నోరు మెదపదు, పిల్లల మనసు మాత్రం అటే.

మరునాడు పొద్దున ఇంగ్లీషు రీడరులో ‘బ్రాండ్ న్యూ’ అనే మాట వచ్చింది.

"సరికొత్తది అని రాసుకోండ్రి," అంది దెబోరా.

"బ్రాండ్ అంటే ఏంది టీచర్?" సక్కుబాయి అడిగింది.

"కంపెనీ ముద్ర. కూసో."

మధ్యాహ్నం సక్కుబాయి చేతులనిండా మసితో వచ్చింది.

"టీచర్! బ్రాండ్ అంటే మండే కట్టె, కొరకాసట! ఆనందమ్మ మమ్ముల కమ్మరి రాయమల్లు కొలిమి కాడికి తోల్కపోయింది. నేను తిత్తి ఊదిన! ఎర్రగ కాలిన కొడవలి తీసి సూపెట్టిండు. గట్ల నిప్పులకెల్లి అప్పుడే వచ్చినదే బ్రాండ్ న్యూ అట!"

ఆ పిల్ల కళ్లు తన పాఠానికి ఎన్నడైనా అట్లా మెరిశాయా? దెబోరా కుళ్లు ఆపుకోలేకపోయింది. తిన్నగా చెట్టు కిందికి నడిచింది.

"నా పిల్లలకు పాఠం చెప్పనీకె మీరెవరమ్మా?"

"తప్పే బిడ్డా. నిన్ను అడగకుంట తోల్కపోయిన."

"అన్ని తెలిసినోళ్లు మీరే, నాకేం రాదు. గంతే గద! మీరు పోతే నా తరగతి నేను సూస్కుంట."

ఆనందమ్మకు కోపం రాలేదు.

"గట్లనే బిడ్డా. పొద్దుగాల బస్సుకు పోత."

అన్నట్టే పోయింది. దెబోరాకు ప్రాణం లేచొచ్చింది.

వారం తర్వాత ఏలియా సారు పిలిచాడు.

"నీ కొలువు పర్మినెంటయింది."

"నిజమా సార్! హైదరాబాదుకెల్లి ఎవరినన్న పంపుతరేమో అని పరేషానయిన."

"పంపిండ్రు బిడ్డా," అన్నాడు సారు మెల్లగా. "నీ జాగకు వచ్చింది ఆనందమ్మనే. నువ్వు తిట్టినంక నా కాడికొచ్చి, ‘పిల్ల కొలిమిలకెల్లి ఇప్పుడే వచ్చింది, జర వేడి మీదున్నది, సల్లారితే మంచి టీచరైతది, గీ జాగ ఆమెకే ఉండనియ్యిండ్రి, నేను బోథ్ బడికి పోత’ అన్నది."